కాంటా మీద అహల్య

సూర్యాపేట మార్కెట్‌లో పొద్దున ఆరింటికల్లా కైలాసం తన కాంటా తుడిచి, రాళ్లు వరసగా పేర్చి, తలకు తువ్వాలు చుట్టుకొని నిలబడేవాడు. మార్కెట్‌కొచ్చిన ధాన్యం జోకే దడ్వాయి అతను. హైదరాబాదు నుంచి బెజవాడ దాకా ఆ రోడ్డు పొడుగునా దడ్వాయిలు వెయ్యిమంది ఉన్నారనుకుంటే, తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది కైలాసం ముందు చేతులు కట్టుకోవాల్సిందే. భుజం మీద ఈగ వాలితే అది తిని వాలిందో, తినక వాలిందో చెప్పేవాడు. ఒకసారి మిర్యాలగూడ మిల్లుకు పోయే లారీ ఒకటి పక్కనుంచి వెళ్తే, కాళ్లకింద నేల అదిరిన తీరు చూసి, "దీంట్ల ఒక బస్తా తక్కువున్నది" అన్నాడు. డ్రైవరు నవ్వుకుంటూ దిగి లెక్కపెట్టాడు, నవ్వు ఆపాడు, వెనక్కి పోయి చూశాడు. మూడు మైళ్ల అవతల తుమ్మచెట్టు కింద ఆ బస్తా బుద్ధిగా కూర్చొని ఉంది.

ఇంతటివాడికీ ఒక నియమం ఉండేది. రాయి వేయకముందు బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాలి. తడి ధాన్యం ఇవాళ బరువు తూగుతుంది, రేపు ఆరిపోతుంది. ఇంకా పచ్చిదైతే లోపల్లోపల కాగి, పైకి బంగారంలా కనిపిస్తూనే నల్లబడుతుంది. కాంటా ఆ సంగతి చెప్పలేదు. చెయ్యే చెప్పాలి. ఎంత పెద్ద సేటు తొందరపెట్టినా, "జర ఆగు సేటూ, ముందు చెయ్యి" అనేవాడు.

కైలాసానికి ఒక్కతే బిడ్డ, అహల్య. డెబ్బై నాలుగు మార్చిలో పదో తరగతి పరీక్ష తప్పింది. చదవకపోవడం వల్ల తప్పింది కాదు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నం చల్లారిపోయేదాకా చదివేది. ఆమె బట్టీ పట్టే వేగానికి గోడమీద బల్లులు కూడా పక్కింటికి కాపురం మార్చాయి. అయినా పరీక్ష హాల్లో కాగితం ముందు పెట్టుకుంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మళ్లీ కడతానంది. టీచర్ ట్రైనింగులో చేరాలని ఆమెకు మహా ఆశ. కైలాసానికి అంకెలు తప్ప అక్షరాలు రావు. బిడ్డకు చదువు ఎలా చెప్పించాలో అతనికి తెలియదు. తెలిసింది ఒక్కటే, జోకడం.

చదువుకు బరువుంటుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. వాళ్ల వాడలోనే ఉండే కృష్ణమూర్తి సారు మనిషి బక్కపలచన. అయినా ఆయన ఎక్కితే రిక్షావాడు ఇంకొకరిని ఎక్కించుకునేవాడు కాదు. రెండేళ్లకోసారి బడిలో కుర్చీ కాళ్లు మార్చేవారు. అందుకే కైలాసం ఒక రోజు పొద్దున ఒకసారి, సాయంత్రం మార్కెట్ ఖాళీ అయ్యాక ఒకసారి, బిడ్డను కాంటా ఎక్కించాడు. పొద్దున ఎక్కించినప్పుడు ముప్పై ఎనిమిది కిలోలు. రోజంతా చదివాక ముప్పై ఎనిమిదింబావు. సంతోషపడ్డాడు. మర్నాడు తెల్లవారి చూస్తే మళ్లీ ముప్పై ఎనిమిదే.

"గా పావుకిల యాడ పాయె బిడ్డా?"

"ఏమో నాయినా. నిన్న అంతా వచ్చింది. ఇప్పుడు అడిగితే ఏం లేదు."

కైలాసం పళ్లెం కేసి చూస్తూ తల ఊపాడు. "తడి ధాన్యం. ఆరపెట్టకుండ నింపుతున్నవ్."

అక్కణ్నుంచి తండ్రీ బిడ్డా చదువును ఆరబెట్టే పద్ధతి వెతికారు. పది రకాలు చేసి చూశారు. చివరికి కాంటా ఒప్పుకున్నది ఇది. రోజూ అదే వేళకు, కోదాడ నుంచి వచ్చే మొదటి బస్సు హారను వినబడగానే లేవాలి. రోజూ ఒకే చోట, వంటింటి వెనక మెట్టు మీద కూర్చోవాలి. రెండు పేజీలు చదవాలి, అంతకు మించి వద్దు. పుస్తకం మూసి, చూడకుండా ఇంకొకరికి చెప్పాలి. రానిచోట మాత్రమే తెరవాలి. అదే పాఠం మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్లీ చెప్పాలి. అలా చెప్పిన చదువు తెల్లారినా తగ్గలేదు.

ఆ వినే ఇంకొకరు తల్లి సత్యమ్మ. ఆమెది కోదాడ. మాటలో అటుపక్క యాస ఉండేది. అక్షరం ముక్క రాదు. కూరగాయలు కోస్తూ వినేది.

"అశోకుడు యుద్ధం ఎందుకు మానుకున్నాడే?" అని అడిగేది.

"నిన్న చెప్పిన గద అమ్మా."

"నిన్న చెప్పింది నిన్నటికి. నేను బెండకాయ కోస్తూ మర్చిపోయాను, మళ్లీ చెప్పు."

అహల్య నవ్వుకుంటూ మళ్లీ చెప్పేది. తల్లి మర్చిపోలేదని ఆమెకు తెలుసు.

దసరాకల్లా బిడ్డ నలభై ఒకటి తూగింది. మూడు కిలోల చదువు, చుక్క తడి లేనిది. ఆ వార్తకు సూర్యాపేట మార్కెట్ సగం రోజు పని మానేసి చెప్పుకుంది. హమాలీ భిక్షం మిర్చి బస్తా భుజాన ఉండగానే ఆగిపోయి, "కైలాసమన్నా, నా కొడుకును గూడ జోకరాదె" అన్నాడు.

"వానికి కాంటా ఎందుకుర, ఉఫ్ అంటె ఎగిరిపోతడు," అన్నాడు కైలాసం. భిక్షమే అందరికంటే గట్టిగా నవ్వాడు.

తర్వాత ఏమైందో గాని, కాంటా అక్కడే ఆగిపోయింది. కార్తీకం పోయింది, నలభై ఒకటి. సంక్రాంతి దగ్గరపడింది, నలభై ఒకటి. ప్రతి ఆదివారం పొద్దున అహల్య పళ్లెంలో కూర్చుంటుంది, కైలాసం రాళ్లు వేస్తాడు, ముల్లు నలభై ఒకటి దగ్గర నిలబడుతుంది. చలికాలం మొదట్లో వచ్చిన దగ్గు కూడా అలాగే నిలబడిపోయింది.

"వారానికి అరకిల చదువుతున్నవ్. గది ఎటు పోతున్నది?" అన్నాడు ఒకరోజు. గొంతులో కోపం లేదుగాని మాట గట్టిగానే వచ్చింది. "యాడనో మరుస్తున్నవ్ బిడ్డా."

"మరుస్తలేను నాయినా. మొదటి పేజీ నుంచి అడుగు."

సత్యమ్మ అడ్డం వచ్చింది. "అన్నీ చెప్తోందయ్యా. రోజూ వింటున్నాగా. ఒక్క ముక్క తప్పలేదు. నువ్వు పిల్ల మొహం చూడు. రవికకు మూడుసార్లు కుట్టు వేశాను. బోరింగు కొడుతుంటే గాజులు జారి బకెట్లో పడుతున్నాయి."

"చిక్కితే కాంటా చెప్పదా?" అన్నాడు కైలాసం. "దసరాకు నలభై ఒకటి, ఇయాళ నలభై ఒకటి. ఇరవై రెండేండ్ల సంది పట్టిన, గింజ తప్పలే. నీకు అక్షరం రాదు, ఆమె తప్పు చెప్పినా ఒప్పు చెప్పినా నీకొకటే."

అహల్య తండ్రి మాట మీద ఇంకో గంట ముందు లేవడం మొదలుపెట్టింది. కోదాడ బస్సు హారను ఆమెకు ఇప్పుడు మేలుకొలుపు కాదు, సగం చదువు అయిందన్న గుర్తు. చెప్పిన పాఠాలే మళ్లీ చెప్పింది, కొత్తవి చేర్చింది. రెండు వాక్యాలకోసారి ఆగి దగ్గేది. దగ్గు తగ్గేదాకా సత్యమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపి ఎదురుచూసేది. ఎన్నోసార్లు, ఆగిన చోట బిడ్డ అందుకోకముందే తర్వాతి మాట తల్లి పెదవులమీదికి వచ్చేది. బయటికి అనేది కాదు, మింగేసేది.

మాఘమాసంలో ఒక ఆదివారం అహల్య కాంటా పళ్లెంలోకి కాలు ఎత్తలేకపోయింది. రెండుసార్లు ప్రయత్నించి, "నాయినా, జర ఎక్కించు" అంది.

కైలాసం వంగి రెండు చేతులతో ఎత్తాడు.

క్వింటాలు బస్తాను చంకన పెట్టుకొని మార్కెట్ చుట్టూ పరిగెత్తినవాడని పేరు అతనికి. ఎద్దు మొరాయిస్తే బండిని తనే లాగి యార్డుకు చేర్చినవాడు. ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి. బరువుకు కాదు. బరువు నలభై ఒకటే. రవిక కింద వేళ్లకు పక్కటెముకలు ఒక్కొక్కటే తగిలాయి. వాటి వెనక వేడి తగిలింది. పచ్చి ధాన్యం నింపిన బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెడితే తగిలే వేడి.

పళ్లెంలో కూర్చోబెట్టలేదు. అలాగే ఎత్తుకొని బస్టాండుకు నడిచాడు. సత్యమ్మ చెప్పులు లేకుండా వెనకే వచ్చింది. మిర్యాలగూడలో ఊపిరితిత్తుల డాక్టరు ఉన్నాడని ఎవరో చెబితే అక్కడికి పోయారు. దారి పొడుగునా తడి మడులు, నాట్లు. అహల్య కిటికీకి తల ఆనించి, "అమ్మా, ఇయాళ ఆదివారం, మొత్తం చెప్పాలె" అంది. చెప్పబోయింది. సత్యమ్మ ఆమె నోటిమీద కొంగు పెట్టి, "రేపు చెబుదువులే" అంది.

డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, వెలుతురుకు పట్టి చూశాడు. "ఎన్నాళ్లయింది దగ్గు?"

"దసరా పోయినప్పటి నుంచి," అంది సత్యమ్మ.

"అప్పుడే తీసుకురావాల్సింది. చిక్కిపోతుంటే ఎవరూ చూడలేదా?"

సత్యమ్మ భర్త వైపు చూడలేదు. కైలాసం తన అరచేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

పరీక్షలు ఇంకా పన్నెండు రోజులున్నాయనగా అహల్య పోయింది.

పాడె మీద పడుకోబెడితే పిడికెడు పిల్ల. నలుగురు చాలనుకున్నారు. కాంటా లెక్క నలభై ఒకటే గాని, నలుగురు పట్టి లేపితే పాడె లేవలేదు. భిక్షం మార్కెట్‌కు పోయి హమాలీలను పిలుచుకొచ్చాడు. ఎనిమిది మంది మోశారు. మూల తిరిగిన ప్రతిచోటా భుజాలు మార్చుకున్నారు. ఎవరికీ వింత అనిపించలేదు. చదువుకున్న పిల్ల అని అందరికీ తెలుసు. ఆ పిల్ల పుస్తకాలు పట్టుకొని వెనకే నడిచిన కృష్ణమూర్తి సారు మాత్రం, ఆ బరువు చూసి, తువ్వాలులో మొహం పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కైలాసం కాంటా ముట్టలేదు. మార్కెట్‌లో ధాన్యం కొనే రామనర్సయ్య సేటు ఇంటికొచ్చి, "ఎండాకాలం పంట వస్తున్నది కైలాసం, నువ్వు లేకుంటె నాకు తూకం మీద నమ్మకం లేదు" అన్నాడు. కైలాసం గడప మీంచి లేవలేదు. "నాకు గూడ లేదు సేటూ," అన్నాడు.

ఇంట్లో మాత్రం పొద్దున కోదాడ బస్సు హారను వినబడగానే సత్యమ్మ లేచి వెనక మెట్టు మీద కూర్చునేది. కూరగాయలు ఉన్నా లేకపోయినా కత్తిపీట ముందు పెట్టుకునేది. పెదవులు కదిలేవి. కైలాసం దేవుణ్ని తలుచుకుంటోందనుకున్నాడు. ఒకరోజు దగ్గరికి పోయి విన్నాడు. అశోకుడు యుద్ధం ఎందుకు మానుకున్నాడో చెప్పుకుంటోంది. మర్నాడు ఆకు గాలి ఎలా పీలుస్తుందో. నాలుగో రోజు మళ్లీ అశోకుడు.

ఆదివారం వచ్చింది. సత్యమ్మ చెయ్యి కడుక్కొని భర్త ముందు నిలబడింది.

"లే. నన్ను జోకు."

"ఎందుకు?"

"అది మరిచిపోతోందన్నావు. నేను అక్షరం రానిదాన్నన్నావు. జోకు, తెలుస్తుంది."

మార్కెట్‌లో ఎవరూ లేరు. పిచ్చుకలు చిందిన గింజలు ఏరుకుంటున్నాయి. మూడు నెలల దుమ్ము తుడిచి కైలాసం రాళ్లు అందుకున్నాడు. అతని కన్ను తప్పదు. సత్యమ్మ వట్టి మనిషి నలభై మూడు. అంతవరకు వేశాడు. పళ్లెం లేవలేదు. ఇంకో రెండు వేశాడు. ఇంకో అయిదు. ఒక్కొక్క కిలో పెడుతూ పోతే, యాభై నాలుగు దగ్గర ముల్లు నిలబడింది.

పదకొండు కిలోలు.

అంకెలు వచ్చినవాడు కదా, మిగతాది చెప్పనవసరం లేకపోయింది. తల్లిలో పదకొండుంటే బిడ్డలోనూ పదకొండే. నలభై ఒకటిలో పదకొండు తీస్తే ముప్పై. దసరానాటికి వట్టి మనిషి ముప్పై ఎనిమిది ఉన్న పిల్ల. ఒక్క ముక్క మరిచిపోలేదు. కాంటా అబద్ధం చెప్పలేదు. ఒకవైపు చదువు ఎంత ఎక్కిందో, ఇంకోవైపు బిడ్డ అంత తరిగింది. ఇరవై రెండేళ్లు ఎవరి బస్తా అయినా చెయ్యి పెట్టనిదే జోకనివాడు, ఇంటి పిల్లను వట్టి ముల్లు చూసి జోకాడు.

కైలాసం రాళ్ల పక్కన కూలబడి ఏడ్చాడు. పాడె దగ్గర ఏడవనివాడు. సత్యమ్మ పళ్లెంలోంచి దిగలేదు. అతను ఊరుకునేదాకా అందులోనే కూర్చుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ కృష్ణమూర్తి సారు దగ్గరికి పోయారు. సారు పదో తరగతి పుస్తకాల్లోంచి అడిగినవన్నీ సత్యమ్మ చెప్పింది. చెబుతుంటే ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నీకు చదువంతా వచ్చమ్మా. రాయడమే రాదు," అన్నాడు.

"నేర్చుకుంటాను. దాని బదులు పరీక్ష రాస్తాను."

"ఆమె బదులు రాయనియ్యరు. నీ పేరు మీదనే రాయాలె. రెండేండ్లు పడుతది."

సత్యమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "నా పేరు మీదే రాస్తాను. ముందు దాని పేరు నేర్పించండి."

సారు పలక మీద అ రాశాడు. సత్యమ్మ అదొక్కటే చూసింది. పలక తుడిచి, చూడకుండా రాసింది. మర్నాడు బస్సు హారనుకు లేచి మళ్లీ రాసింది, నాలుగో రోజు మళ్లీ.

ఆదివారం కాంటా దగ్గర నిలబడి పళ్లెంలోకి కాలు ఎత్తబోయింది.

"జర ఆగు," అన్నాడు కైలాసం. రాళ్లు కింద పెట్టి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నుదుటిమీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టాడు. అలాగే చాలాసేపు ఉంచాడు.

"ఏంటయ్యా, ఎంతుంది?"

"ఇంకా జోకలే," అన్నాడు. "ముందు చెయ్యి."