పాలడబ్బా మామిళ్ళు

ఆ పొద్దున మరిడమ్మ చేతిలో ఉన్నవి మూడే: చిన్న కత్తి, మొండి గునపం, సగం రోజు. సాయంత్రం లారీలో సుంగై పెటానీలోని కూతురింటికి వెళ్ళిపోవాలి. ఈలోగా ముప్పయ్యో మామిడి పని ముగించాలి.

పాలడబ్బాల్లో టెంకలు పాతి వాటిని పెంచింది తనే. అప్పట్లో అడవిలో తిరుగుబాటుదారుల కాల్పులు, ఊళ్ళో కర్ఫ్యూ. సుంగై సిపుట్ రబ్బరు తోట కూలీలందరినీ సర్కారు ముళ్ళకంచెలోకి తరలించడంతో మొక్కలు రెండేళ్ళు డబ్బాల్లోనే ఉండిపోయాయి. నాటాక ఒక్కటీ ఎదగలేదు. ఆకులు పసుపెక్కాయి, కాండాలు ఒరిగాయి. రేపు మెర్డెకా, దేశానికి స్వాతంత్ర్యం. జెండా దారిలో మోడులు కనపడకూడదు, పీకేయమన్నాడు తోట దొర. మరిడమ్మ తోట లెక్కలు రాసే కిరాణి కాంతయ్యను బతిమాలి మూడు నెలల గడువు తీసుకుంది. అది ఈ రోజుతో సరి.

మోకాళ్ళ మీద కూర్చుని, కణుపులు వాచిన వేళ్ళతో మొదలు చుట్టూ మట్టి తోడింది. డబ్బా ఎప్పుడో తీసేసినా వేరు ఇంకా డబ్బా గుండ్రంలోనే తిరుగుతోంది, మొదలును బిగించి మూడు చుట్లు. నలభై ఏళ్ళుగా కూలీల ఇళ్ళల్లో పురుళ్ళు పోసిన చేతులవి. వంపు మొదలైన చోట తెగ్గోసి, చుట్టను ఊడదీసి, మిగిలిన వేర్లను బయటికి చాపి మట్టి కప్పింది. చుట్టను కంచె ముల్లుకు తగిలించింది.

కాంతయ్య సైకిలు దిగాడు.

“ఏటత్తా, వేరు కోస్తే సెట్టు బతుకుతాదేటి?”

“మెడకి పేగు సుట్టుకున్న పిల్లని పారేస్తామేటి బాబూ? పేగే కోస్తాం.”

“మాటలు సాలు. నానే తవ్వి సూస్తాను.”

“సూడు. నీ పురుడూ నానే పోసినాను. మట్టంటుకుంటే ఏటీ అవదు.”

అన్నిటికన్నా ఎక్కువ ఒరిగిన చెట్టునే ఎంచుకుని మొదట్లో తవ్వాడు కాంతయ్య. జూన్‌లో కోసిన చోట తెల్లటి పిల్లవేళ్ళు గుత్తిగా పుట్టి, మొదలుకు దూరంగా, జానెడు మేర తిన్నగా సాగిపోయాయి. అతను మట్టి మళ్ళీ కప్పాడు. వరస పొడుగునా నడిచి ఎర్ర చిగుళ్ళు లెక్కపెట్టాడు. ఎండిన రెండింటినీ తనే పీకేశాడు. దొర ఉత్తరువును నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

“జెండా తాడు ఏ సెట్టుకి కట్టమంటావత్తా?”

“కర్రకి కట్టు. ఈటి మెడకి మల్లీ తాడేటి?”

కాంతయ్య పకపకా నవ్వాడు. కత్తిని అతని చేతిలో పెట్టి మరిడమ్మ లారీ ఎక్కింది. గేటు దగ్గర కాపలావాళ్ళు మూట విప్పించి చూశారు, మళ్ళీ కట్టుకోమన్నారు. లారీ రోడ్డెక్కింది.

ముప్పయిలో నిలిచినవి ఇరవై ఏడు, పోయినవి రెండు, నమ్మకం మీద వదిలింది ఒకటి. కంచె మీద ముప్పయి వేరుచుట్టలు, ఒక్కొక్కటీ పాలడబ్బా అంత గుండ్రంగా. ఇరవై తొమ్మిది ఎండినవి, ఒకటి ఇంకా పచ్చిది.