ఐసు కరగలేదు

నేను ఒక థర్మోకోల్ పెట్టెను. తెల్లటి పూసలను ఆవిరిలో ఉబ్బించి, అచ్చులో నొక్కి నన్ను తయారుచేశారు. ఒంట్లో ఉన్నదంతా గాలే. అందుకే మనుషులు నన్ను లెక్కలోకి తీసుకోరు.

మొదట నాలో ఖరీదైన రసాయనాలు పెట్టి, క్యాన్సర్ మీద పరిశోధన చేసే ఒక ల్యాబుకు పంపారు. అవి ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. నన్ను పారేయబోతుంటే హిమజ అనే పరిశోధక విద్యార్థిని ఆపింది. అప్పటినుంచి ఆసుపత్రి నుంచి ల్యాబుకు రోగుల రక్తం మోయడం నా ఉద్యోగం. జీతం లేదు, పేరు లేదు. ఆటోలో మాత్రం ఆమె ఒళ్లో చోటు దొరికేది.

ఆ ల్యాబులో చేసే పని గొప్పదే, కాదనను. ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఎన్నో రకాలట. ఒక్కోదాన్ని విడిగా చూస్తే ఏమీ తెలియదట. అవన్నీ ఒకదానికొకటి ఏం చెప్పుకుంటున్నాయో మొత్తంగా కంప్యూటర్లోకి ఎక్కిస్తే, నిరోధక శక్తిని మేలుకొలిపే సూదిమందు ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పవచ్చట. ప్రొఫెసర్ చలపతిగారు ఈ సంగతి వివరించేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయేది.

కొమురమ్మది సిరిసిల్ల. బీడీలు చుట్టి బతికే మనిషి. ఊపిరితిత్తుల్లో గడ్డ. ఆ సూదిమందు ఆమెకు బ్రహ్మాండంగా పనిచేస్తుందని కంప్యూటర్ తేల్చింది. మందు మొదలుపెట్టారు. హిమజ సిరంజి తీస్తే కొమురమ్మ తనే చేయి చాపేది.

"తీస్కో బిడ్డా. నా అసొంటోళ్లకు రేపు అక్కరకొస్తది," అనేది.

మందు మొదలయ్యాక తెచ్చిన రక్తంలో, పోరాడవలసిన కణాలు మేలుకోలేదు సరికదా ఇంకా మగతగా పడి ఉన్నాయి. తెర మీది గ్రాఫులో మిగతా రోగుల చుక్కలన్నీ కంప్యూటర్ గీసిన గీత పక్కనే బుద్ధిగా కూర్చున్నాయి. కొమురమ్మ చుక్క ఒక్కటే ఎక్కడో కింద పడింది.

"సార్, ఆమెకు మందు పనిచేస్తలేదేమో. వార్డు డాక్టర్‌కు చెప్తే ఇంకో మందు చూస్తరు కదా," అంది హిమజ.

చలపతిగారు తెర మీంచి చూపు తిప్పలేదు. "ఒక్క పేషెంటు కోసం మొత్తం కంప్యూటర్ మోడల్ని అనుమానిస్తామా అమ్మా? ఆ డబ్బాలో ఐసు కరిగుంటుంది. శాంపిల్ పాడైందని రాసి తీసెయ్యి. జర్నల్‌కు పేపర్ పంపాలి."

నేను ఆ టేబుల్ కిందే ఉన్నాను. కొమురమ్మ రక్తం తెచ్చిన రోజు నా మూత తీసి, ఐసు ప్యాకెట్ల మధ్య నుంచి ట్యూబు అందుకున్నది హిమజే. వేళ్లు కొంకర్లు పోయాయని ఊదుకుంది కూడా. ఇప్పుడు నా వైపు ఒకసారి చూసి, "సరే సార్," అంది. నాకు ఒళ్లు మండింది. నింద మోయడానికి నోరులేనిదాన్ని నేనే దొరికాను.

ఆ తర్వాత కొమురమ్మ పక్క మంచం రోగి రక్తం కోసం వార్డుకు వెళ్లాం. కొమురమ్మ ఎముకల గూడులా ఉంది. చేతికి ఇంకా అదే మందు ఎక్కుతోంది.

"నా రక్తం ఏమన్న అక్కరకొచ్చిందా బిడ్డా?"

"వచ్చిందమ్మా," అంది హిమజ, నా మూత సర్దుతూ.

"గంతే చాలు," అని కొమురమ్మ తృప్తిగా కళ్లు మూసుకుంది. ఆటోలో హిమజ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు.

పేపర్ అచ్చయింది. గీత అందంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. శాంపిల్ చల్లదనం నిలవలేదని అందులో ఒక వాక్యం కూడా ఉంది కాబట్టి, ల్యాబుకు కొత్త పెట్టె వచ్చింది, నేను చెత్తలోకి పోయాను. అప్పటికే కొమురమ్మ లేదు.

ఇప్పుడు చేపల మార్కెట్లో ఉన్నాను. చేపలమ్మే యాదమ్మ పొద్దున్నే నాలో ఐసు నింపి బొచ్చె చేపలు సర్దుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో మూత తీసి పక్కామెకు చూపిస్తుంది.

"ఐసు అట్లనే ఉంది సూడు. గింత మంచి డబ్బను ఎవలు పారేసిండ్రో."

ఐసు కరగలేదన్న మాట, కొమురమ్మ బతికుండగా వార్డు డాక్టరు చెవిన పడవలసింది. ఇప్పుడు చేపలు వింటున్నాయి.