కుండలో ఊడిన అంకెలు

పెళ్లై పంతొమ్మిది రోజులు. మణుగూరులో మా కిరాయి గది కిటికీ తెరిస్తే టేకు చెట్లు కనిపిస్తాయి. అందుకే రోజుకు నాలుగుసార్లు మురిసిపోతుంటాను. ఆ రోజు మాత్రం కిటికీ వైపు కూడా చూడలేదు.

పదకొండింటికి మా ఆయన రవీందర్ బావకు వీడియో కాల్‌లో పరీక్ష. హైదరాబాద్ హోటల్‌లో వైన్ రుచి చూసి ఎంపిక చేసే ఉద్యోగం. వస్తే ఇద్దరం కలిసి వెళ్తాం. రాకపోతే బావ ఒక్కడే గోవాలో పాత పనికి వెళ్లిపోవాలి.

హోటల్ వాళ్లు అంకెలు అతికించిన మూడు చిన్న సీసాలు పంపారు. మూడూ పినో నువార్ అనే ఒకే ద్రాక్షవి. రెండు చలి ప్రాంతాలవి, ఒకటి ఎండ ప్రాంతానిది. ఏ అంకె ఏ ప్రాంతానిదో చెప్పాలి.

మే నెల ఎండ. ఫ్రిజ్‌లో పెడితే వాసన తెలియదని బావ అన్నాడని, పొద్దున్నే వాటిని కొత్త కుండ నీళ్లలో వేసి నా తెలివికి నేనే పొంగిపోయాను. పావు తక్కువ పదకొండుకు చూస్తే అంకెల కాగితాలు నీళ్లమీద తేలుతున్నాయి.

"బావా, అంకెలు ఊడినయ్."

"ఏంది?"

కుండలోకి చూశాడు గానీ తిట్టలేదు. నాకు ఇంకా భయమేసింది. ఎట్లనో ఒకట్ల అతికిద్దామన్నాను. వద్దన్నాడు.

కాల్ కలవగానే పరీక్ష పెట్టే యశోద మేడమ్‌కు ఉన్నది చెప్పేశాడు. ఆవిడ తన ముందున్న కాగితం చూసుకుంది. "అయితే ప్రాంతాలే చెప్పండి," అంది.

బావ గీతకార్మికుల ఇంట్లో పుట్టాడు. కుండలు కలపకముందే ఏ చెట్టు కల్లు పులిసిందో నాలుకతో పట్టేవాడు. ఇప్పుడూ అట్లాగే ఒక్కో గుక్క తీసుకుని, మధ్యలో నీళ్లు పుక్కిలించాడు. మొదటిది పలుచని ఎరుపు, వాక్కాయ పులుపు, వానకు తడిసిన మట్టి వాసన. జర్మనీ అన్నాడు. రెండోది మగ్గిన నేరేడు, గొంతులో మంట. కాలిఫోర్నియా. మూడోదాన్ని మళ్లీ మళ్లీ వాసన చూశాడు. అడవి పుట్టగొడుగులట.

"న్యూజిలాండ్," అన్నాడు. వెంటనే, "కాదు మేడమ్, టాస్మానియా."

"పంపిన వాటిలో టాస్మానియా లేదు. మొదట అన్నదే కరెక్టు."

బావ గ్లాసు కింద పెట్టాడు. మేడమ్ ఏదో రాసుకుంటోంది.

"చలిని పట్టారు, ప్రాంతం తప్పారు. అది మేం నేర్పిస్తాం. ఉండటానికి క్వార్టర్ ఇద్దరికా, ఒక్కరికా?"

బావ నోరు తెరిచేలోగా ఫోన్ ముందుకు దూరి నేనే చెప్పాను. "ఇద్దరికి మేడమ్."