నొప్పెట్టని గాయం

మా బేకరీలో కాలిన గాయాన్ని అరుపుతో కొలుస్తారు. ‘స్స్’ అంటే ఊదుకుని పని చూసుకోవాలి. ‘అబ్బా’ అంటే కాసేపు కూర్చోవచ్చు. ‘అమ్మో’ అన్నవాళ్ళు ఆ పూట ట్రేలు కడగక్కర్లేదు. ఈ లెక్క మా అత్తగారు పెట్టింది. పెళ్ళికి ముందు నేను ఆసుపత్రిలో నర్సునని అందరికీ తెలుసు. అయినా పొయ్యి దగ్గర ఆవిడ మాటే మాట.

ఆ రోజు మా మరిది వీధి చివరిదాకా వినపడేలా ‘అమ్మో’ అన్నాడు. వేడి పాలు చింది వేలు ఎర్రబడింది, అంతే. అత్తగారు వెన్నగిన్నెతో పరిగెత్తుకొచ్చారు. నేను వెన్న రాయనివ్వకుండా వేలిని చల్లటి నీళ్ళ ధార కింద పెట్టించాను. పై చర్మమే కమిలిందని, త్వరగా మానిపోతుందని చెప్పాను.

“బొబ్బ కూడా రాదా వదినా?” అన్నాడు నిరాశగా.

అప్పుడు చూశాను, గిన్నె పట్టుకున్న అత్తగారి ముంజేతిని. మణికట్టు పైన తెల్లగా, ఎండిన తోలులా ఒక మచ్చ. ఇందాక నిండు ట్రే తీస్తుంటే పొయ్యి తలుపు చేతికి ఆనుకుందట. వదిలితే బన్నులన్నీ నేలపాలవుతాయని చెయ్యి తీయలేదట. ముందు చురుక్కుమందట, తర్వాత ఏమీ లేదట.

వేలితో మెల్లగా తాకాను. “తెలుస్తోందా అత్తయ్యా?”

“లేదే. అందుకేగా చెప్పలేదు. ముందు వాడి సంగతి చూడు, పాపం.”

చెయ్యి వాచకముందే గాజులు తీయించి, కుళాయి కింద పెట్టించి, టాక్సీ పిలవమని మరిదికి చెప్పాను. ఆవిడ ససేమిరా అన్నారు. సాయంత్రానికి బోలెడు పిండి కలపాలట. నొప్పే లేనిదానికి ఆసుపత్రికి వెళ్తే నలుగురూ నవ్విపోతారట.

“ఎర్రబడితే పైపైన కాలినట్టు అత్తయ్యా. బొబ్బ లేస్తే ఇంకాస్త లోతు, అది బాగా మండుతుంది. మీది ఇంకా కిందికి దిగింది. నొప్పి తెలియడానికి అక్కడ నరాలు మిగల్లేదు.”

ఆవిడ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. “మళ్ళీ పిండి పిసకగలనా?” అన్నారు, గొంతు తగ్గించి.

“ఇప్పుడే వెళ్తే పిసుకుతారనే నా నమ్మకం. ఆలస్యం చేస్తే మాత్రం చెప్పలేను.”

ఆవిడ ఏప్రన్ ముడి విప్పమని నావైపు వీపు తిప్పారు. గాయం మీద శుభ్రమైన గుడ్డ కప్పి టాక్సీ ఎక్కించాను. పిండిలో నీళ్ళెక్కువ పోస్తే ఊరుకోనని కిటికీలోంచి కొడుకుని హెచ్చరించి, నాకు చోటిస్తూ పక్కకి జరిగారు.

“డాక్టరుకి నువ్వే చెప్పు. నన్నడిగితే ఏం లేదని లేచొచ్చేస్తాను.”