చెప్పడమే గాని వినని కంప్యూటర్

మా దీవిలో వండూర్ జెట్టీ పక్కన పడవల సంఘం గదిలో కంప్యూటర్ చూసేది నేనే. పడవల్లో చిన్న యంత్రాలుంటాయి. పడవలెక్కడున్నాయో, వాటిలోవాళ్ళకేం కావాలో ఆ యంత్రాలు పంపే సందేశాల వల్ల ఇక్కడికి తెలుస్తుంది. గాలివానొస్తే మేం హెచ్చరిక పంపుతాం. ఆ మధ్యాహ్నం తెర మీద పడవలన్నీ పొద్దుట ఎక్కడున్నాయో అక్కడే బిగుసుకుపోయాయి. అందులో మా ఆయన పైడిరాజు పడవొకటి. అతని వైర్‌లెస్సూ పలకడం లేదు. బయట రట్లాండ్ దీవి వైపు ఆకాశం నల్లగా మూసుకొచ్చింది.

"ఒలమ్మా, నా కొడుకు కదల్డం లేదేటే ధరణీ?" అంది మా అత్త తాయారమ్మ, నా కుర్చీ వెనకే నిలబడి.

"పడవ కాదత్తా, ఈ దిక్కుమాలిన పెట్టె కదల్డం లేదు" అన్నాను.

"నెట్ ఖరాబేమో" అన్నాడు సంఘం సెక్రటరీ మణికుమార్.

నెట్ బాగానే ఉంది. పడవల నుంచి సందేశాలు వచ్చి వరసలో పడుతున్నాయి. వాటిని విప్పి చదివే ప్రోగ్రాం మాత్రం పడుకుంది. పోనీ కంప్యూటర్‌కి పనెక్కువైందా అంటే, మొత్తం మీద పావు వంతే పనిలో ఉంది. మరి ఏటి రోగం? కోర్లు విడివిడిగా చూశాను. ప్రాసెసర్‌లో నాలుగు కోర్లు, నలుగురు కూలీలనుకోండి. మొదటివాడు వంద శాతం పనిలో చస్తున్నాడు. మిగతా ముగ్గురూ సున్నా! ప్రోగ్రాంలన్నీ మొదటివాడికే కట్టేసి ఉన్నాయి.

"ఎవరు భయ్యా ఈ పని చేసింది?"

మణికుమార్ మొహం వాడిపోయింది. "కరెంటు పోతే ఇన్వర్టర్ ఎక్కువసేపు రావాలని నేనే అలా పెట్టాను. ఇంట్లోనూ ఒక్క ఫ్యాను ఉంచి మిగతావి కట్టెయ్యమా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పైగా హెచ్చరికకి అన్నిటికంటే ముందు వంతు ఇచ్చాడు. జవాబివ్వని పడవకి హెచ్చరిక మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. జవాబులేమో చదవడానికి వంతు రాక వరసలోనే ఉన్నాయి. ఇంక ఆ హెచ్చరిక ఆగేదెప్పుడు, జవాబు చదివేదెప్పుడు?

"చదివే ప్రోగ్రాంని రెండో కోరుకి మారుస్తాను" అన్నాను.

"ఠైరో, ఆగు ధరణీ! పొద్దుట్నించీ కరెంటు లేదు, బ్యాటరీ ఎర్రలైటు చూపిస్తోంది. కంప్యూటర్ ఆగిపోతే ఎవరికీ హెచ్చరికే ఉండదు!"

నాకు ఒళ్ళు మండింది. "పొద్దుట్నించీ చెప్తూనే ఉన్నాం కదా! ఉన్న కాసేపైనా వాళ్ళేమంటున్నారో వినొద్దా?"

మార్చేశాను. ఇన్వర్టర్ కీచుమంది. సందేశాలు పాతవి ముందు, కొత్తవి తర్వాత ఒక్కొక్కటే దిగుతున్నాయి. దాటేసి ముందుకెళ్ళే వీల్లేదు. ఎవరెవరివో వచ్చాక పైడిరాజుది వచ్చింది. ఇంజిన్ బంద్.

"ఏటి రాశాడే?" అంది అత్త. నేను తెర మీదకి వంగాను.

తర్వాతది. పానీ ఆ రహా హై.

పడవలోకి నీళ్ళొస్తున్నాయట! ఆ తర్వాతది రావడానికి ఎంతసేపు పట్టిందో, వెయ్యి దేవుళ్ళకి మొక్కాను. రట్లాండ్ కొస దగ్గర, రాళ్ళ వైపు పోతన్నాను. మణికుమార్ వైర్‌లెస్ లాక్కుని, అటునుంచే తిరిగొస్తున్న చంద్రమౌళి పడవని పిలిచాడు. "తిప్పుతున్నా" అని అటునుంచి జవాబొచ్చింది. అప్పుడే తెర ఆరిపోయింది.

ఇంక చెయ్యడానికేం లేదు. అత్త నా భుజం పట్టుకుంది, వేళ్ళు దిగిపోయేలా. వాన రేకుల మీద దడదడలాడుతుంటే, చేతి వైర్‌లెస్ చెవికి ఆనించుకుని ముగ్గురం కూచున్నాం.

చివరికి గరగరమని చంద్రమౌళి గొంతు. "పట్టుకున్నాం. మనిషి బానే ఉన్నాడు. ఇదిగో, మాట్లాడతాడట."

"ధరణీ!" పైడిరాజు అరుస్తున్నాడు. "మునిగిపోతన్నాను మొర్రో అంటే, గాలివానొస్తంది జాగర్త అని పంపుతావేటే? ఎన్నిసార్లు పంపుతావు? నా మాట ఒక్కటైనా విన్నావా?"

అత్త ఏడుస్తూ కూలబడింది. నాకూ కన్నీళ్ళాగలేదు.

"తిట్టు మావా, తిట్టు" అన్నాను. "వింటన్నాను."