ముళ్ళ ట్రైలోబైట్

పొద్దున్నే వర్క్‌షాపు షట్టరు ఎత్తగానే అక్క చేసే మొదటి పని అరల్లో ఉన్న రాళ్ళని చూడటం. బల్లపరుపుగా పడుకుని ఉన్నాయా, ముడుచుకున్నాయా? పడుకుని ఉంటే ఆ రోజుకి నిశ్చింత. అప్పుడు స్టౌ వెలిగించి టీ పెట్టుకుంటుంది.

అవి ట్రైలోబైట్లు. చేపలు కూడా సరిగ్గా పుట్టని కాలంలో సముద్రం అడుగున పాకిన జీవులు. వీపు మీద నిలువునా మూడు పాయలు, అడ్డంగా పక్కటెముకల్లాంటి గీతలు, వెడల్పాటి తల, ఆ తల మీద రెండు కళ్ళు. బురదలో కూరుకుపోయి, ఆ బురదతోపాటే రాయైపోయాయి. ఊరి బయట గుట్టలో పలకరాయిని పొరలు పొరలుగా చీలిస్తే బయటపడతాయి. తమ్ముడు తవ్వి తెస్తాడు, అక్క శుభ్రం చేస్తుంది. మామూలువి స్కూళ్ళకి పోతాయి. అట్టపెట్టెలో ఓ చిన్న ట్రైలోబైటు, భూతద్దం, బ్రష్షు, పిల్లలు ప్లాస్టర్ పోసుకోవడానికి ఓ రబ్బరు అచ్చు. అరుదైనవాటి కోసం సేకరించేవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు.

బతికున్న రోజుల్లో వాటికి భయమేస్తే తలనీ తోకనీ కలిపి ఉండలా చుట్టుకునేవి. రాయయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. దగ్గర్లో ఏదైనా కీడుంటే చాలు, అరల్లో ఉన్నవి ఉన్నట్టే మెల్లిగా ముడుచుకుంటాయి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే. పక్క కొట్టు దర్జీ ఆవిడ చేతిలో కత్తెరతోనే గుమ్మంలోంచి తొంగిచూసి, "ఎలా ఉన్నాయక్కా ఇవాళ?" అని అడుగుతుంది. పడుకునే ఉన్నాయంటే కూతుర్ని సైకిలు మీద పంపిస్తుంది. లేదంటే బస్సు.

చిక్కల్లా ఒకటే. కీడు ఏమిటో, ఎవరికో అవి చెప్పవు. ఒకసారి అవి ముడుచుకున్న మర్నాడే దర్జీ ఆవిడ కొట్టు వెనకగోడ కూలింది. ఇంకోసారి వీధి వీధంతా ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూస్తే, అక్కావాళ్ళ మేనత్త పెట్టెతో సహా దిగి, వారం ఉండి వెళ్ళింది. అంతకుమించి ఏమీ జరగలేదు. "రాళ్ళకి కూడా అత్తయ్య సంగతి తెలిసిపోయింది చూశావా" అని తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆ నవ్వులిప్పుడు లేవు. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలాగిపోయి చాలా నెలలైంది.

గుట్టలో ముళ్ళ ట్రైలోబైట్లు దొరికే పొర ఒకటుంది. పలచటి నల్లటి పొర. చూరులా ముందుకు పొడుచుకొచ్చిన ఓ పెద్ద బండ కిందికి పోతుంది. దాని వెంటే లోపలికి తవ్వుకుంటూ పోతానన్నాడు తమ్ముడు. ఆ మాట అన్న పూటే అరల్లో సగం రాళ్ళు ముడుచుకున్నాయి. అక్క వద్దంది.

"ముడుచుకోక ఏం చేస్తాయి? పొద్దస్తమానం వాటి మీదికి వంగి ఆ మొహం పెట్టుకుని చూస్తుంటావు. నీ పిరికితనం రాళ్ళకి కూడా అంటించావు" అన్నాడు తమ్ముడు.

"నిన్ను పెంచిన పిరికితనంరా ఇది" అంది అక్క.

అమ్మా నాన్నా పోయినప్పుడు వాడింకా బూట్ల లేసులు కట్టుకోవడం రాని పిల్లాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అక్కకి వెంటనే అనిపించింది. కానీ అనేసింది. తమ్ముడు గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు రాళ్ళ ట్రేలు గుమ్మంలో పెట్టి పోవడం, ఈవిడ అవి లోపలికి తెచ్చుకోవడం. ఏదైనా కబురుంటే మధ్యన దర్జీ ఆవిడ. ఆవిడ నోట్లోంచి ఏ మాటా వెళ్ళింది వెళ్ళినట్టు వెళ్ళదు. "రాయి చెక్కే గాలి సూది మొన విరిగిందని చెప్పు" అని అక్క అంటే, "మీ అక్క నిన్ను తలుచుకుని తలుచుకుని మొన విరగ్గొట్టుకుంది" అని చెప్పేది. అయినా ఆవిడ ఎత్తు పారలేదు. మొన వచ్చింది, తమ్ముడు రాలేదు.

ఆ రోజు కళ్ళ డాక్టరుగారు వచ్చే రోజు. ప్రాక్టీసు మానేసిన పెద్దాయన, ట్రైలోబైట్లంటే ప్రాణం. ముఖ్యంగా వాటి కళ్ళు. స్ఫటికం కటకాలు వరసలు వరసలుగా పేర్చినట్టుండే ఆ కళ్ళని భూతద్దంలో చూస్తూ, "నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపు తగ్గింది. వీటికి మాత్రం ఇంకా తగ్గలేదు" అంటుంటాడు. చూరు బండ కింద దొరికిన పెద్ద ముళ్ళ ట్రైలోబైట్ని ఆయన కోసమే అక్క నెలల తరబడి శుభ్రం చేసింది. వీపు పొడుగునా, తల చుట్టూ, తోక అంచున, దబ్బనంలాంటి ముళ్ళు. ఒక్కో ముల్లు చుట్టూ ఉన్న రాయిని మైక్రోస్కోపు కింద గాలి సూదితో నలుసు నలుసుగా ఊడదీసింది.

చివరి ముల్లు దగ్గర ఉండగా తోక కింద సన్నటి నీడ కనబడింది. అంతకుముందు అక్కడ నీడ లేదు.

అక్క సూది ఆపింది. నీడ వెడల్పయింది. తోక రాయిని వదిలి పైకి లేస్తోంది.

అరల వైపు చూసింది. అన్నీ హాయిగా పడుకునే ఉన్నాయి. స్కూలు కోసం కట్టి ఉంచిన పెట్టెలు గబగబా విప్పింది. గోధుమరంగువి కదల్లేదు. నల్లవి మాత్రం శనగగింజల్లా గుండ్రంగా చుట్టుకుపోయాయి. ఆ నల్లవి బండ కింది నల్ల పొరలోవని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తమ్ముడికి ఫోను చేసింది. గుట్ట కింద సిగ్నలుండదని తెలిసీ మళ్ళీ చేసింది. అప్పుడు తమ్ముడన్న మాట గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. ముందు రాయి ముడుచుకుందా, ముందు తను భయపడిందా? నెలల తరబడి ఆ బండ గురించే గుబులు పడుతూ దీని మీద వంగి కూర్చుంది కదా.

బయటికొచ్చి వీధిలో నిలబడి దర్జీ ఆవిడని పిలిచింది. "కాస్త నువ్వెళ్ళి చూడవా? నేనిక్కడే ఉంటా. దాని వైపు చూడను కూడా చూడను."

దర్జీ ఆవిడ లోపలికి వెళ్ళింది. అక్క ఎదురుగా ఉన్న సైకిళ్ళ షాపు బోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంటూ నిలబడింది.

"అక్కా" అంది లోపలినుంచి దర్జీ ఆవిడ. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "నాకేం భయం లేదు. అయినా లేస్తోంది."

సరిగ్గా అప్పుడే డాక్టరుగారి కారు వచ్చి ఆగింది. ఆయన దిగీ దిగకముందే అక్క ట్రే తెచ్చి చూపించింది. ఆయన మొహం మాడిపోయింది.

"ఇలా ముడుచుకుంటే ముళ్ళు ఉండవమ్మా. ఒకదానికొకటి తగిలి విరిగిపోతాయి."

"తెలుసండి."

"నాకిచ్చేయండి. దూరంగా తీసుకుపోతాను. ఇక్కణ్ణించి దూరమైతే దీనికి భయం పోతుంది, మళ్ళీ విచ్చుకుంటుంది."

నిజమే. అలా దూరం తీసుకెళ్తే విచ్చుకున్నవి ఉన్నాయి. అక్క ట్రేని గుండెలకి హత్తుకుంది. "మా తమ్ముడు ఆ బండ కిందున్నాడు డాక్టరుగారూ. నేను చెబితే వాడు వినడు. దీన్ని చూస్తే వింటాడేమో. గుట్ట దాకా తీసుకెళ్ళండి."

డాక్టరుగారు ట్రే వంక, ఆవిడ వంక చూశాడు. కారు తలుపు తీశాడు.

ఊరు దాటేదాకా బాగానే ఉంది. కంకర రోడ్డు ఎక్కాక మొదటి ముల్లు విరిగింది. గోరు విరిగినంత చప్పుడు. డాక్టరుగారు స్టీరింగు మీద చేతులు బిగించాడు. గుట్ట దగ్గరవుతున్నకొద్దీ ఆ చప్పుడు ఎక్కువైంది. టిక్. మళ్ళీ టిక్. అక్క అరచేతులు అడ్డం పెట్టినా ఆగలేదు. నెలల కష్టం ట్రేలో పుల్లల్లా రాలుతుంటే ఆవిడ చూపంతా రోడ్డు మీదే ఉంది.

"ఇంకొంచెం తొందరగా" అంది.

"పోనిస్తున్నానమ్మా" అన్నాడాయన, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

గుట్ట మీద చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు, గునపం దెబ్బ తప్ప. అది నేల లోపలినుంచి వస్తున్నట్టుంది. తమ్ముడు తవ్విన కందకం అంచుకెళ్ళి చూస్తే బండ కిందినుంచి తమ్ముడి బూట్లు మాత్రం కనబడుతున్నాయి.

"ఒరేయ్, బయటికి రా!"

గునపం ఆగింది. "ఎవరు పంపారు నిన్ను?"

"ఇదిగో, ఇది పంపింది. చూడు, ఎలా చుట్టుకుపోయిందో."

లోపలినుంచి తల బయటికొచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన మొహం. ఉండలా మారిన రాయిని, ట్రేలో రాలిన ముళ్ళని తమ్ముడు చూశాడు. "పాడుచేసేశావు. ఇంత మంచిదాన్ని భయపెట్టి భయపెట్టి పాడుచేసేశావు. వెళ్ళక్కా ఇక్కణ్ణించి."

తల మళ్ళీ లోపలికి పోయింది. గునపం దెబ్బ పడింది. బండ అంచునుంచి ఇసుక సన్నగా, ధారలా జారింది.

అక్క ఇక పిలవలేదు. రాయిని చేతిలోకి తీసుకుని కందకంలోకి దిగింది. డాక్టరుగారు "అమ్మా! అమ్మా!" అంటూనే ఉన్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద పాకి బండ కిందికి దూరి, తమ్ముడి పక్కన చోటు చేసుకుని కూర్చుంది.

"ఇదేంటి?" అన్నాడు తమ్ముడు.

"నీ పని నువ్వు చేసుకో."

"నీకు పిచ్చా? లే ఇక్కణ్ణించి."

"నువ్వు లేస్తే లేస్తా."

తమ్ముడు గునపం పట్టుకున్నాడు గానీ ఎత్తలేకపోయాడు. తలల మీద ఎక్కడో లోతుగా, తలుపు గడియ కదిలినట్టు ఓ చప్పుడైంది. ఇద్దరూ విన్నారు. ఇద్దరూ కదల్లేదు. ఎవరు ముందు కదిలితే వాళ్ళు ఓడిపోయినట్టు మొండిగా కూర్చున్నారు. అక్క వాడి చెయ్యి లాగి, ఆ రాయి ఉండని అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

ఆ గుప్పిట్లో రాయి విచ్చుకుంది.

"చూశావా?" అన్నాడు తమ్ముడు. "నా చేతిలో పడగానే విచ్చుకుంది. ఏ భయమూ లేదిక్కడ. అంతా నీ..."

మాట పూర్తి కాలేదు. ట్రైలోబైటు వాడి అరచేతిలోంచి కింద పడి, వెలుగు వైపు తిరిగి, పరుగందుకుంది. ముడుచుకోవడమే గానీ అవి నడవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. రాతికాళ్ళు పలకరాయి మీద చిటపటలాడుతూ వడగళ్ళలా మోగాయి.

"ఏయ్, పోతోంది! పట్టుకో!" అని అరుస్తూ తమ్ముడు దాని వెంట పడ్డాడు. భయపడి కాదు. దాన్ని తన చేతులతో తవ్వి తీశాడు, దాన్ని పోనివ్వడం వాడివల్ల కాదు. పాకుతూ, లేస్తూ, తూలుతూ వెలుగులోకి వచ్చాడు. అక్క వాడి చొక్కా వదల్లేదు. ఒడ్డున బోర్లా పడుకున్న డాక్టరుగారు ఆవిడ మణికట్టు అందుకుని బలంకొద్దీ లాగాడు.

బండ దిగింది. కూలలేదు, విరగలేదు. అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు ఒక్కసారిగా కిందికి కూర్చుంది. నేల అదిరి, దుమ్ము ముగ్గుర్నీ కమ్మేసింది.

దుమ్ము అణిగేసరికి తమ్ముడు మోకాళ్ళ మీద పాకుతూ నేలంతా వెతుకుతున్నాడు. "ఎటు పోయింది? డాక్టరుగారూ, మీరు చూశారా?"

డాక్టరుగారు పాత గుంతలో నిలిచిన వాననీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. నీటి మీద వలయాలు ఇంకా వెడల్పవుతున్నాయి. "ముళ్ళన్నీ పోయాయి. కళ్ళు మాత్రం భలేగా ఉన్నాయి" అన్నాడు. ఇంకేదో అనబోయి, దగ్గొచ్చి, అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

తమ్ముడు గుంత ఒడ్డున కూర్చుని భుజం దాకా చెయ్యి నీళ్ళలో ముంచి దేవాడు. బురదే తగిలింది. చెయ్యి అలాగే ఉంచి, వెనక్కి తిరిగి బండని చూశాడు. కందకం ఉన్నచోట ఇప్పుడు కందకం లేదు.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని వాడి మెడ మీది దుమ్ము కడగసాగింది.

"నువ్వెందుకొచ్చావక్కా లోపలికి?"

"పిలిస్తే వచ్చే రకం కాదుగా నువ్వు."

"అది గనక పరుగెత్తకపోయుంటే?"

అక్క చెవి వెనక కడిగింది. నుదురు కడిగింది. తడిచేత్తో వాడి జుట్టు వెనక్కి దువ్వింది.

"ఇద్దరం అక్కడే ఉండేవాళ్ళం" అంది.