మిగిలిన ముక్క

పెళ్ళికూతురు దేదీప్య జాకెట్టును కౌంటరు మీద తిరగేసి పెట్టింది. మీగడ రంగు పట్టు మీద తెల్ల దారం కుట్లు, చేతుల అంచు చుట్టూ బియ్యపుగింజలు అంటించినట్టు తేలి కనబడుతున్నాయి.

"ఆంటీ, ఇది మ్యాచ్ కాలేదు. చూడు, థ్రెడ్ వైట్ ఉంది. క్లాత్ క్రీమ్ కదా? శాటర్‌డే నా వెడ్డింగ్."

లక్ష్మీకాంతం జాకెట్టును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. కుడికన్ను మూసి చూసింది. పిల్ల చెప్పింది నిజమే, దారం వేరు, గుడ్డ వేరు. ఎడమకన్ను మూసి చూసింది. రెండూ ఒకేలా నీలం కలిపిన తెలుపులో మునిగిపోయాయి. ఆపరేషన్ అయిన కన్ను కుడిది.

దుకాణం యజమానురాలు హైమ ముందుకొచ్చి సర్దిచెప్పింది. "సారీ రా. విప్పించి మళ్ళీ కుట్టిస్తా. ఫ్రైడేకి పక్కా."

పిల్ల వెళ్ళగానే హైమ గొంతు మారింది. "ఈ వారంలో ఇది మూడోది పిన్నీ. ఓక్ ట్రీ రోడ్డు మీద మన షాపు పక్కన ఇంకో నాలుగు షాపులున్నాయి, తెలుసుగా?"

"లైటు కింద సూది పట్టుకుంటే దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టుంటందమ్మా. ఏడ గుచ్చుతున్నానో తెలీటల్లా."

"రెండో కన్ను కూడా అయితే సర్దుకుంటుందన్నారుగా డాక్టర్ గారు! పద, మూడింటికి అపాయింట్‌మెంట్. నేనే డ్రైవ్ చేస్తా."

కారులో లక్ష్మీకాంతం చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హైమ ఆమెకు చుట్టం కాదు. లక్ష్మీకాంతం ఒంగోలు దగ్గరి ఊరి నుంచి అమెరికా వచ్చి, మొగుడు హోటల్ వంటగదిలో పనికి కుదిరాక, తెలిసిన ఒకే విద్యను నమ్ముకుని ఈ దుకాణంలో మిషను ముందు కూర్చుంది. మొదటిరోజే "పిన్నీ" అని పిలిచింది హైమ. ఆ పిలుపు కోసం ఈమె పండగ రోజుల్లో కూడా కుట్టింది.

కళ్ళజోడు వెతుక్కుంటూ, తుడుచుకుంటూ, ముక్కు మీద సర్దుకుంటూ ఆమె చేసే ఆలస్యం హైమకు గిట్టేది కాదు. కళ్ళ డాక్టర్ వీరభద్రం భార్య జాకెట్లు కుట్టేది లక్ష్మీకాంతమే. ఒకరోజు ఆయనే వచ్చి, వేల డాలర్లయ్యే ఆపరేషన్ ఆమెకు ఊరికే చేస్తానన్నాడు. తెలుగు సంఘం పత్రికలో ఆమె ఫోటో వేసుకుంటే చాలునట.

ఆపరేషన్‌కు ముందు ఆయన ఇంగ్లీషులో చాలాసేపు చెప్పాడు. హైమ తలాడిస్తూ విని, అంతటినీ ఒక్క ముక్కలో తెలుగు చేసింది: "కొన్నాళ్ళు మసగ్గా ఉంటుందంట పిన్నీ, తర్వాత తగ్గిపోద్దంట."

"శుక్లం పోద్దాండీ?" అని అడిగింది లక్ష్మీకాంతం.

"పోవడమేంటమ్మా, ఇక జన్మలో రాదు," అని నవ్వాడాయన.

ఆమెకు ఆ మాట చాలింది. వాళ్ళ ఊళ్ళో కన్ను కోసేది శుక్లానికే. బడిలో కళ్ళ శిబిరం పెట్టినప్పుడు ఆకుపచ్చ గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చున్న ముసలివాళ్ళందరికీ శుక్లాలే. మంచి కన్నుకు కత్తి పెట్టే డాక్టరు ఉంటాడని ఆమె ఎరిగిన వాళ్ళెవరికీ తోచి ఉండదు.

క్లినిక్‌లో వీరభద్రం ఎప్పటిలాగే ఎదురొచ్చాడు. "రామ్మా లక్ష్మీకాంతం! మన స్టార్ వచ్చింది. ఫోటో తీసే అమ్మాయి కూడా రెడీ." గోడ వారగా ఒక తెల్లపిల్ల కెమెరా పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన కుడికంట్లోకి వెలుగు వేసి చూశాడు. "బ్యూటిఫుల్. లెన్స్ సరిగ్గా సెంటర్‌లో కూర్చుంది. అక్షరాలు కూడా చివరి లైను దాకా చదివావ్."

"అక్షరాలు కనపడతన్నయ్యండీ. రంగులే కలిసిపోతన్నయ్. దీపం చుట్టూ చక్రాలు."

"కొంతమందికి ఉంటుందమ్మా. చాలామందికి మెదడు అలవాటు పడిపోద్ది. అదంతా నేను ముందే చెప్పానుగా హైమా?"

హైమ ఫోను చూసుకుంటూ ఉండిపోయింది.

"మరి ఈ ఎడమకంట్లో శుక్లం ఎంత ముదిరిందండీ?"

"నీకు శుక్లం ఎక్కడిది తల్లీ!" వీరభద్రం నవ్వాడు. "నీ వయసుకి రెండూ నిక్షేపంగా ఉన్నాయి. దగ్గరి చూపు ఆనట్లేదు, అంతే. దానికి కళ్ళజోడైనా చాలు. జోడు వద్దన్నావని హైమ చెబితేనేగా ఇదంతా!"

లక్ష్మీకాంతం హైమ వైపు చూసింది. "నేనన్నానా అమ్మా ఆ మాట?"

"నీ మంచికేగా పిన్నీ..." అంది హైమ. "ఫ్రీగా చేస్తానంటే కాదంటారా ఎవరైనా?"

గదిలో యంత్రం ఏదో సన్నగా కూస్తోంది. లక్ష్మీకాంతం చీరకుచ్చిళ్ళు సర్దుకుని డాక్టరు వైపు తిరిగింది.

"నాది పెట్టెయ్యండి డాక్టరు గారూ. నా కంట్లోని పాత అద్దమే మళ్ళీ పెట్టెయ్యండి."

"అట్టా కుదరదమ్మా."

"ఏడుంది అది?"

వీరభద్రానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చూపు తిప్పుకున్నాడు. "అది ఉండదు. లోపలే ముక్కలు చేసి, గొట్టంతో లాగేస్తాం. కావాలంటే ఈ కొత్త లెన్స్ తీసి ఇంకో రకం వేయొచ్చు, దాని రిస్కులు దానికున్నాయి. నీది మాత్రం తిరిగి రాదు."

"మేము జాకెట్టు కుడితే," అంది లక్ష్మీకాంతం, "జానెడు మిగిలినా మడిచి జాకెట్టులో పెట్టి ఇస్తామండీ. మీ ఇంటావిడ్ని అడగండి. ఒక్క ముక్క కూడా ఎన్నడూ ఉంచుకోలా."

హైమ దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "పిన్నీ, ముందు డేట్ బుక్ చేద్దాం. ఈ సీజన్ మధ్యలో ఇట్టా మొండికేస్తే ఎట్టా? రెండూ ఒకేలా అయితే తేడా తెలియదు."

"తేడా తెలియాలనే." ఆమె ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. "ఆ పెళ్ళికూతురి జాకెట్టు విప్పి కుట్టాలంటే ఈ కన్నే కావాల. ఇది నాది. దీన్ని కోయనియ్యను."

"సరే సరే, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు వీరభద్రం. "ముందు ఆ ఫోటో కానిద్దాం. కొంచెం నవ్వాలమ్మా."

గోడ మీద పత్రిక ప్రకటన నమూనా అంటించి ఉంది: 'కళ్ళజోడుకు సెలవు'. కింద ఆమె ముఖం కోసం విడిచిన తెల్లటి చోటు.

లక్ష్మీకాంతం సంచిలోంచి పాత కళ్ళజోడు తీసింది. ఆపరేషన్ తర్వాత కుడివైపు అద్దం ఊడదీయించింది. ఎడమది అలాగే ఉంది. ఆ ఒంటి అద్దాన్ని పైటచెంగుతో తుడిచి, జోడు పెట్టుకుని, కొప్పు సర్దుకుని, ఆ తెల్లటి చోటు పక్కనే వెళ్ళి నిలబడింది.

"తియ్యమ్మా," అంది కెమెరా పిల్లతో.

పిల్లకు తెలుగు రాదు. కెమెరా కంటి దాకా ఎత్తి, వేలు మీట మీద అలాగే ఉంచి, డాక్టరు వైపు చూసింది.